యూఎస్‌బీ డ్రైవర్‌లో బ్లాక్ సైజు 512 అని రాసేస్తే సరిపోదా?

సరిపోదు. డ్రైవర్ అంటే పరికరంతో మాట్లాడే ప్రోగ్రామ్, బ్లాక్ అంటే డిస్కు ఒక్కసారిగా చదివే, రాసే అతి చిన్న ముక్క. మీ ప్రశ్న నాకు అర్థమైంది. మీరు చూసిన పెన్‌డ్రైవ్‌లన్నీ 512 బైట్లే చెప్పాయి, అలాంటప్పుడు పరికరం సైజు అడిగే రీడ్ కెపాసిటీ కమాండ్ పంపి, జవాబు విప్పి, ఆ అంకెను కోడ్ అంతా మోసుకు తిరగడం ఎందుకని. పెన్‌డ్రైవ్‌ల మట్టుకు మీ మాట దాదాపు నిజమే. అయితే మీ డ్రైవర్‌కు రేపు ఎవరు ఏం తగిలిస్తారో మీ చేతిలో లేదు. బ్లాక్ సైజు చెప్పాల్సింది పరికరం, మనం కాదు.

అనంతపురం కమలానగర్‌లో మా పెదనాన్న కొడుక్కి స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలన్నీ ఒక 3 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టుకునేవాడు, వేరే అడాప్టర్‌తో నడిచే పెద్ద రకం. ముహూర్తాల రోజుల్లో కరెంటు పోయి వచ్చేసరికి ఆ పెట్టె చచ్చిపోయింది. రిపేరు షాపువాళ్ళు కేసింగ్ విప్పి, లోపలి డిస్కును సాటా కేబుల్‌తో నేరుగా కంప్యూటర్‌కు పెట్టారు. ఫార్మాట్ చేస్తే తప్ప వాడుకోలేరని విండోస్ అడిగింది. "డేటా పాయె అన్నా, ఫార్మాట్ కొట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ వేద్దాం" అన్నాడంట షాపు పిల్లోడు. మా అన్న ఫోన్ చేసి, "ఒరేయ్, ఇంకా ఎడిటింగ్ కూడా కాని పెళ్ళిళ్ళు ఉండాయి దాంట్లో, వాళ్ళకి ఏం చెప్పాల్రా?" అన్నాడు. గొంతులో వణుకు తెలుస్తోంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనియ్యద్దని చెప్పి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెర ఫోటో తీసి పంపమన్నా.

ఫోటో చూడగానే సంగతి తెలిసిపోయింది. డిస్కు 2794 జీబీ (3 టీబీని విండోస్ అలా చూపిస్తుంది), అందులో పార్టిషన్, అంటే ఫైళ్ళకు కేటాయించిన భాగం, మాత్రం 349 జీబీ. 2794ను 8తో భాగించండి, 349 వస్తుంది. 4096ను 512తో భాగించినా 8 వస్తుంది. డిస్కు చెడిపోలేదు, దానికీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న కొలత మారిపోయింది.

ఆ పెట్టెలో యూఎస్‌బీ నుంచి సాటాకు మార్చే బ్రిడ్జి చిప్పు ఒకటి ఉంటుంది. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలో డిస్కు మొదట్లో రాసి ఉంచే పాత ఎంబీఆర్ పట్టికలో బ్లాక్ నంబరుకు 32 బిట్లే చోటు, కాబట్టి 512 బైట్ల బ్లాకులతో 2 టీబీ దాటి లెక్క సాగదు. విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్ళకు కూడా పెద్ద డిస్కు పనిచేయాలని కొందరు తయారీదారులు ఆ చిప్పుతోనే "నా బ్లాకు 4096 బైట్లు" అని చెప్పించారు. దాంతో అదే పట్టిక 16 టీబీ దాకా సరిపోతుంది. పెట్టె తీసేస్తే డిస్కు తన సొంత లెక్క, 512, చెబుతుంది. ఎకరాల్లో రాసిన పాసుపుస్తకాన్ని సెంట్లనుకుని చదివినట్టు అన్నమాట. పట్టికలో పార్టిషన్ 256వ బ్లాకులో మొదలని ఉంది. 4096 లెక్కన అది సరిగ్గా 1 ఎంబీ దగ్గర. 512 లెక్కన 128 కేబీ దగ్గర, అక్కడ ఏమీ లేదు.

సాయంత్రం బస్సుకు పోయి, నా లినక్స్ ల్యాప్‌టాప్‌కు తగిలించి, 512 లెక్కలో 2048వ బ్లాకును హెక్స్‌లో (బైట్లను 16 ఆధారంగా చూపే అంకెల్లో) తెరిచా. సున్నా నుంచి లెక్కిస్తే మూడో బైటు నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్ పేరు) అనే అక్షరాలు, పదకొండో స్థానంలో 00, పక్కన 10. చిన్న బైటు ముందు రాసే పద్ధతిలో అది హెక్స్ 1000, అంటే 4096. ఫైల్ సిస్టమ్ తన కొలత ఏమిటో తనే రాసిపెట్టుకుంది! లోసెటప్ అనే లినక్స్ కమాండ్‌కు సెక్టార్ (బ్లాకు) సైజు 4096 అని, రీడ్ ఓన్లీ అని చెప్పి డిస్కు మొత్తాన్ని లూప్ పరికరంగా, అంటే ఆ కొలతతో కనబడే ఉత్తుత్తి డిస్కుగా, పెట్టా. పార్టిషన్ పూర్తి సైజుతో కనబడింది, ఫోల్డర్లన్నీ వధూవరుల పేర్లతో సహా వచ్చాయి. వేరే డిస్కుకు కాపీ పెట్టి ఆ రాత్రి అక్కడే పడుకున్నా. విండోస్ అడిగిందని ఫార్మాట్ నొక్కే షాపుల మీద నాకు నిజంగా కోపం. ఎదుటివాళ్ళ జీవితంలో మళ్ళీ రాని రోజులు ఉంటాయి దాంట్లో.

ఇక మీ కోడ్. రీడ్ కెపాసిటీ 10కి జవాబు 8 బైట్లు: మొదటి నాలుగు చివరి బ్లాక్ నంబరు, తర్వాతి నాలుగు బ్లాక్ సైజు. నంబర్లు సున్నా నుంచి మొదలు కాబట్టి చివరి నంబరు అంటే మొత్తం కాదు, ఒకటి కలపాలి. కొన్ని పరికరాలు తప్పుగా మొత్తాన్నే చెబుతాయి, వాటి కోసం లినక్స్‌లో ఒకటి తగ్గించే క్విర్క్ (ఆ పరికరాలకు ప్రత్యేక సవరణ) కూడా పెట్టారు. మొదటి నాలుగు బైట్లలో అన్ని బిట్లూ 1 వస్తే రీడ్ కెపాసిటీ 16తో మళ్ళీ అడగాలి. ఈ కమాండ్లు రాసే ఎస్‌సీఎస్‌ఐ భాషలోని అంకెల్లో పెద్ద బైటు ముందు, ఆ కమాండ్‌ను యూఎస్‌బీ మీద మోసే పొట్లం, సీబీడబ్ల్యూలో, చిన్న బైటు ముందు. ఒకే 31 బైట్ల పొట్లంలో రెండూ ఉంటాయి, జాగ్రత్త. సీబీడబ్ల్యూలో పొడవు బ్లాకుల సంఖ్యను పరికరం చెప్పిన సైజుతో గుణించి రాయండి. 4096 ఇచ్చేదాన్ని 512 అడిగితే ఫేజ్ ఎర్రరో (లెక్క కుదరలేదని పరికరం చెప్పే తప్పు), స్టాలో (పరికరం బదిలీని ఆపేయడం) వస్తుంది, మీరేమో కేబుల్ మారుస్తూ కూర్చుంటారు.

ప్రాజెక్టుల సీజన్‌లో పిల్లలు తెచ్చి చూపించే కోడ్‌లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. యూఎస్‌బీ హై స్పీడ్‌లో బల్క్ ప్యాకెట్, అంటే తీగ మీద ఒక్కసారి పోయే డేటా మూట, గరిష్ఠం 512 బైట్లు, కాబట్టి బ్లాకూ 512 అని రాస్తారు. ఆ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. ఫుల్ స్పీడ్‌లో ప్యాకెట్ 64, సూపర్ స్పీడ్‌లో 1024. బ్లాక్ సైజు మాత్రం కేబుల్‌ను బట్టి మారదు. ఎక్కడో ఒకచోట దొరికిన నమూనా కోడ్‌ను అందరూ దించుకోవడం వల్లే ఈ జబ్బు పాకిందని నా గట్టి నమ్మకం.

చిన్న పరికరాల్లో ఫ్యాట్ ఫైళ్ళు చదివే లైబ్రరీ ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే గరిష్ఠ సెక్టార్ సైజు సెట్టింగును 4096కు పెంచి, సెక్టార్ సైజు అడిగే ఐఓసీటీఎల్ (డ్రైవర్‌ను వివరాలు అడిగే ఫంక్షన్) పిలుపుకు మీ డ్రైవర్ నుంచి నిజమైన అంకె ఇవ్వండి. సైజు సున్నా వచ్చినా, మీ బఫర్‌కు మించి వచ్చినా ఆ పరికరాన్ని తీసుకోకండి. కార్డ్ రీడర్‌లో ప్రతి ఎల్‌యూఎన్‌ను (ఒకే పరికరంలోని విడి డిస్కు నంబరు) విడిగా అడగాలి, కార్డు మారిస్తే మళ్ళీ అడగాలి. 4096 పరికరం చేతిలో లేదంటారా, కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే క్యూఎమూలో యూఎస్‌బీ స్టోరేజ్‌కు లాజికల్ బ్లాక్ సైజు 4096 అని ఇస్తే చాలు, మీ డ్రైవర్‌లో ఎక్కడెక్కడ 512 దాక్కుందో ఒక్క పూటలో బయటపడుతుంది.