ఇథియోపియా పల్లెలో బోరు వేయిస్తే మంచినీళ్లు వచ్చేసినట్టేనా?

మీ మిత్రులంతా కలిసి చందాలు పోగేశారు, ఇథియోపియాలో ఒక పల్లెకు బోరు వేయిద్దామనుకుంటున్నారు, డబ్బు పంపడం కాక ఇంకేం చూసుకోవాలి అని అడిగారు. ముందు ఆ పల్లె ఎక్కడుందో కనుక్కోండి. రిఫ్ట్ లోయలో ఉంటే, అంటే అదామా, జివాయ్, హవాసా చుట్టుపక్కలైతే, ఫ్లోరైడ్ సంగతి తేలకుండా పైసా పంపొద్దు.

అదామాలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. (అక్కడి యూనివర్సిటీల్లో తెలుగు లెక్చరర్లు బాగానే తగులుతారు.) మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లతో గారపట్టిన పళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, స్టూడెంట్లతో కలిసి పల్లెలకు వెళ్లినప్పుడు పిల్లలు నవ్వితే చాలు, నీళ్ల సంగతి తెలిసిపోయేది. అదంతా అగ్నిపర్వతాల నేల. రాతిలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములైతే, అక్కడ 10 దాటిన బోర్లు కూడా ఉన్నాయి. నీళ్లేమో అద్దంలా తేటగా ఉంటాయి. కాచినా, క్లోరిన్ కలిపినా ఫ్లోరైడ్ పోదు. కాచితే నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. అదామా పక్కనే ఉన్న వొంజి చెరకు తోటల్లో బావి నీళ్లు తాగినవాళ్ల ఎముకలు దెబ్బతిన్న సంగతి 1970ల్లోనే డాక్టర్లు రాసిపెట్టారు.

ఫిల్టర్ పెడితే సరిపోదా అంటారేమో. 1970ల్లో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. ఇథియోపియా ఇంజనీర్ల నోట 'నల్లగొండ టెక్నిక్' అని వింటే గర్వపడాలో బాధపడాలో అర్థమయ్యేది కాదు. పద్ధతి తేలికే. బకెట్ నీళ్లలో పటిక, సున్నం లెక్క ప్రకారం వేసి, మొదట గట్టిగా, తర్వాత నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. విరిగిన పాలలా తెల్లటి తునకలు అడుగుకు దిగుతాయి. అడుగుకు కాస్త పైన ఉన్న కుళాయి తిప్పి పైతేట పట్టుకోవాలి. ఒకామె నాకు చేసి చూపించింది కూడా. అప్పటికే వీపుకు తాడుతో కట్టుకుని 20 లీటర్ల జెర్రీక్యాన్ మోసుకొచ్చింది. ఆ మీద రోజూ ఈ పని. ఫ్లోరైడ్ ఎక్కువైతే పటికా ఎక్కువే పడుతుంది, రుచి మారుతుంది, అడుగున చేరిన మడ్డి ఎక్కడ పారబోయాలో తెలియదు. తర్వాత వెళ్లేసరికి పటిక అయిపోయింది, ఆ బకెట్లో టెఫ్ (అక్కడి వాళ్ల ముఖ్యమైన తిండిగింజ) పోసుకుంది. ఆమెను తప్పుపట్టడానికేముంది?

నా మటుకు అక్కడ సరైన దారి బయటి నుంచి మంచి నీళ్లు తెచ్చుకోవడమే: లోయ అంచు కొండల ఊటల నుంచో, శుద్ధి చేసిన నదీజలమో, పైపుల్లో. నల్లగొండకు కూడా చివరికి దారి చూపింది కృష్ణా నీళ్లే కదా. పైప్‌లైన్ మొత్తం మీ చందాలతో అయ్యేది కాదు. కానీ దగ్గర్లో లైను ఉంటే, అక్కడి నుంచి మీ పల్లెకు ఒక 'బోనో', అంటే వీధి కుళాయిల దిమ్మె, పెట్టించొచ్చేమో వొరెడా (మన మండలం లాంటిది) నీటి ఆఫీసులో అడగండి.

పల్లె ఎత్తు ప్రాంతంలో ఉండి, పరీక్షలో నీళ్లు బాగున్నాయని తేలితే చేతిపంపు చాలు. 45 మీటర్ల లోపు నీళ్లుంటే ఆఫ్రిదేవ్ రకం చేతిపంపు మంచిది, ఊళ్లోవాళ్లే విప్పి సీళ్లు మార్చుకోగలరు. నీటి కమిటీలో ఆడవాళ్లుండాలి, జెర్రీక్యాన్‌కు ఇంతని కొద్దిగానైనా వసూలు చేయాలి. ఆ డబ్బు లేకపోతే సీలు అరిగిన రోజు నుంచి మళ్లీ వాగు నీళ్లే.

ఇక బోరే వేయిస్తామంటే, ముందు ఆ చుట్టుపక్కల ఇప్పటికే ఉన్న బోర్ల నీళ్లు ల్యాబ్‌కు పంపండి. బోరు బండివాళ్లకు మీటర్ల లెక్కన డబ్బులొస్తాయి, నీళ్లు పడితే వాళ్ల పని అయిపోయినట్టే. అందుకే ఒప్పందం కాగితంలో ముందే రాయించండి: ఫ్లోరైడ్ రిపోర్ట్ వచ్చాకే ఆఖరి వాయిదా డబ్బు.