ఒంగోలు షాపులో, కావలి ఇంట్లో ఒకే బుక్‌మార్కులు కావాలంటే

అన్నా, షాపులో ఫైర్‌ఫాక్స్, ఇంట్లో క్రోమ్ వాడుతూ పెన్‌డ్రైవ్‌లో బుక్‌మార్కులు మోస్తుంటే ఒక్కొక్కటి రెండేసి, మూడేసి సార్లు పడుతున్నాయన్నారు. పడతాయి మరి. ఇంపోర్ట్ చేసిన ప్రతిసారీ పాతవాటి పక్కన ఇంకో కట్ట చేరుతుంది.

సింక్ అంటే, అకౌంట్ ద్వారా అన్ని సిస్టమ్‌లలో బుక్‌మార్కులను ఒకేలా ఉంచే ఏర్పాటు. ఆ రెండు బ్రౌజర్ల సింక్‌లు ఒకదానితో ఒకటి కలవవు. నా మాట విని రెండు చోట్లా ఫైర్‌ఫాక్సే పెట్టుకోండి. క్రోమ్ వదల్లేనంటే ఫ్లోకస్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది, గూగుల్ డ్రైవ్ ద్వారా రెంటినీ కలుపుతుంది.

ముందు రెండు సిస్టమ్‌లలోనూ కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే బుక్‌మార్కుల జాబితా తెరుచుకుంటుంది, అక్కడ వాటిని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. షాపులో డూప్లికేట్లు ఏరేసి, అప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో అకౌంట్‌తో లాగిన్ అయి సింక్ ఆన్ చేయండి. ఇంట్లో ఫైర్‌ఫాక్స్ కొత్తగా ఎక్కించి, క్రోమ్ నుంచి ఏమీ తెచ్చుకోకుండా అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. క్రోమ్‌లో మాత్రమే ఉన్నవి తర్వాత చేత్తో చేర్చుకోవచ్చు.

సింక్‌ని బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది. నేనూ ఓ రాత్రి నిద్రమత్తులో ఫోల్డర్ మొత్తం చెరిపేశాను. ఫైర్‌ఫాక్స్ తనంతట తాను దాచిన పాత కాపీ రీస్టోర్‌లో దొరికి బతికిపోయాను.

షాపు సిస్టమ్ కుర్రాళ్లూ వాడతారంటున్నారు కాబట్టి, అక్కడ సింక్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌లకు టిక్ తీసేయండి.