పాత వెర్షన్‌ను పట్టుకుని ఓఎస్ మార్చవచ్చా?

ప్రశ్న: మా సర్వర్‌లో డెబియన్ 11 అనే లినక్స్ ఓఎస్ ఉంది. 12కి మార్చమని పైవాళ్లు తొందరపెడుతున్నారు. పీహెచ్‌పీ 7.4 (ప్రోగ్రాం భాష), పోస్ట్‌గ్రెస్ 13 (డేటాబేస్) మీద నడిచే పాత లెక్కల ప్రోగ్రాం ఒకటి అందులో ఉంది. రాసినాయన ఉద్యోగం మానేశారు. ఈ రెండింటికీ ‘హోల్డ్’ పెట్టి మిగతాదంతా మార్చేస్తే సరిపోతుంది కదా?

జవాబు: సరిపోదు. పైవాళ్ల తొందరలో న్యాయం లేకపోలేదు. డెబియన్ 11కు దీర్ఘకాలిక మద్దతు గడువు 2026 ఆగస్టు 31.

హోల్డ్ అంటే ‘దీని జోలికి వెళ్లకు’ అని ఏపీటీకి, అంటే డెబియన్‌లో ప్యాకేజీలను వేసే, మార్చే, తీసే సాధనానికి, చెప్పడం. రోజువారీ అప్‌డేట్లప్పుడు ఆ మాట చెల్లుతుంది. విడుదలే మారేటప్పుడు పేచీ మొదలవుతుంది. డెబియన్ 11లోని పీహెచ్‌పీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 అనే గుప్తీకరణ లైబ్రరీని నమ్ముకుని ఉంటుంది. డెబియన్ 12లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3. పై ప్యాకేజీని కదలనివ్వకపోతే దాని కింది లైబ్రరీలూ పాతవే మిగిలిపోతాయి. డెబియన్ 12 నుంచి వాటికి భద్రతా సవరణలు రావు. అప్‌గ్రేడ్‌కు ముందు ‘ఏపీటీ-మార్క్ షోహోల్డ్’తో హోల్డ్‌లున్నాయేమో చూసుకోమని డెబియన్ విడుదల పత్రాలే చెబుతాయి. మీరేమో కొత్తగా పెడతానంటున్నారు!

పోస్ట్‌గ్రెస్ సంగతి వేరు. డెబియన్‌లో దాని ప్రతి ప్రధాన వెర్షనూ విడి ప్యాకేజీ. అప్‌గ్రేడ్‌లో 15 వచ్చి పక్కన కూర్చున్నా, మీ 13 డేటాను ముట్టుకోదు. ‘పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్’ కొడితే రెండూ కనిపిస్తాయి. శుభ్రం చేద్దామన్న ఉత్సాహంతో అక్కర్లేదనిపించిన ప్యాకేజీలను తీసేసే ‘ఆటోరిమూవ్’ మాత్రం కొట్టకండి.

అసలు ప్రమాదం చాలామంది చూడనిచోట ఉంది. అక్షరాలను వరుసపెట్టే క్రమాన్ని పోస్ట్‌గ్రెస్ సాధారణంగా ఓఎస్‌లోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ నుంచి తీసుకుంటుంది. అది 2.31 నుంచి 2.36కి మారుతోంది. క్రమం ఏ కాస్త మారినా, పాత క్రమంలో కట్టిన ఇండెక్సులు (డేటాను త్వరగా వెతికే పట్టికలు) తప్పుతాయి. ఎర్రర్ రాదు, వెతికితే ఉన్న పేరే దొరకదు. 13 అన్న అంకె అలాగే ఉంది, ప్రవర్తన మారిపోయింది. కాబట్టి అప్‌గ్రేడ్ కాగానే అక్షరాలున్న కాలమ్‌ల ఇండెక్సులన్నిటినీ ‘రీఇండెక్స్’తో మళ్లీ కట్టండి. 13కి కూడా 2025 నవంబరుతో మద్దతు ముగిసింది కనుక, కుదురుకున్నాక ‘పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్’తో 15కి వెళ్లిపోవడమే మంచిది.

ఇక పీహెచ్‌పీ. మారితే మారిందిలే అని డెబియన్ 12లోని 8.2తో నడిపేయకండి. ‘ఈచ్’ లాంటి తీసేసిన ఫంక్షన్లు ఎర్రర్ చూపి ఆగుతాయి, అది మేలే. నన్ను భయపెట్టేది పోలికల మార్పు. సున్నాను ‘ఏబీసీ’ అన్న మాటతో రెండు సమాన చిహ్నాలు పెట్టి పోలిస్తే 7.4 ‘సమానం’ అంటుంది, 8 ‘కాదు’ అంటుంది. లెక్కల ప్రోగ్రాంలో ఇది చప్పుడు చేయకుండా మొత్తాలు మార్చగలదు. కోడ్ సరిదిద్దేదాకా 7.4ను కంటైనర్‌లో, అంటే ప్రోగ్రాంను దాని లైబ్రరీలతో సహా విడిగా నడిపే పెట్టెలో, పెట్టండి. దాని లైబ్రరీలు దానితోనే ఉంటాయి, బయట ఓఎస్ మారినా కదలవు. కంటైనర్‌కు మూలమైన ఇమేజ్‌కు ‘లేటెస్ట్’ అన్న ట్యాగ్ వాడితే మళ్లీ మొదటికొస్తారు, ఆ ఒక్క ఇమేజ్‌నే గుర్తించే డైజెస్ట్‌తో బిగించండి. 7.4కు దాని తయారీదారుల మద్దతు 2022 నవంబరులోనే ముగిసింది కాబట్టి ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకండి.

ఇదంతా ముందు సర్వర్ నకలు మీద చేయండి. ఏపీటీ చూపే ‘తొలగించబడేవి’ జాబితాను, విసుగనిపించినా, చివరిదాకా చదవండి.

ప్రశ్న: మరి హోల్డ్ ఎప్పుడు వాడాలి? బయటి రిపోజిటరీ (ప్యాకేజీల నిల్వ) నుంచి వేసుకున్న ప్యాకేజీలు ఉన్నట్టుండి పెద్ద వెర్షన్‌కు దూకుతున్నాయి.

జవాబు: ఒకటి రెండు రోజులు ఆపాలంటే హోల్డ్. అంతకు మించితే వద్దు, అది భద్రతా సవరణలను కూడా ఆపేస్తుంది. మీకు కావలసింది పిన్నింగ్, అంటే ఏ వెర్షన్‌కు ఎంత ప్రాధాన్యమో ఏపీటీకి రాసిపెట్టడం. ‘ప్రిఫరెన్సెస్.డి’లో ఒక ఫైలు పెట్టి, ప్యాకేజీ పేరు, ‘14.*’ లాంటి వెర్షన్ నమూనా, 500 కంటే ఎక్కువ ప్రాధాన్యం రాయండి. చిన్న సవరణలు వస్తాయి, 15 రాదు. ప్రాధాన్యం 1000 గానీ అంతకు మించి గానీ ఉంటే ఏపీటీ పాత వెర్షన్‌కు కూడా దించేస్తుంది, అందుకే 990 దగ్గర ఆగండి. రాశాక ‘ఏపీటీ-క్యాష్ పాలసీ’తో ఏ వెర్షన్ ఎంపికవుతోందో చూడండి, నమూనాలో ఒక చుక్క తేడా ఉన్నా ఏపీటీ ఫిర్యాదు చేయదు, మీ పిన్‌ను పట్టించుకోదు, అంతే.