టులిప్ తోటల కోసం చీటీ పాడేయాలా?

హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ రాశారు. పాప టెన్త్ పరీక్షలు అయిపోగానే, ఇంటర్‌లో పడకముందే ముగ్గురూ యూరప్ వెళ్లాలని ఉందట. మ్యూజియాలు, షాపింగ్ వద్దు, తోటలు, అడవులు, సరస్సులు చూడాలి. ట్రావెల్స్ వాళ్లు నెదర్లాండ్స్, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, క్రొయేషియా కలిపి పది రోజులకు ఏడున్నర లక్షలు చెప్పారు. ట్రిప్ కోసమే కట్టిన ఆర్‌డీ మార్చిలో 4.6 లక్షలు చేతికొస్తుంది. మిగతా మూడు లక్షలకు నడుస్తున్న ఐదు లక్షల చీటీ పాడేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, పాప ఫీజుల కోసం ఉంచిన ఎఫ్‌డీ తీయాలా అని అడిగారు.

మూడూ వద్దండీ. ఎఫ్‌డీ సంగతి అసలు ఎత్తకండి, జూన్ రాగానే కాలేజీ వాళ్లు ఫీజు అడుగుతారు.

చీటీ లెక్క చూద్దాం. 25 నెలల చీటీలో మీరు కట్టింది తొమ్మిది నెలలు. ఇప్పుడు పాట 90 వేల దాకా వెళ్లిందనుకోండి, మీ చేతికొచ్చేది 4.1 లక్షలు. ఆ 90 వేలలోంచి కంపెనీ కమిషన్, ఐదు లక్షల మీద ఐదు శాతం, అంటే 25 వేలు పోతే మిగిలింది 25 మందికీ పంచుతారు, మీ వాటా 2,600. దానికి తోడు ష్యూరిటీల కోసం తోటి టీచర్లను బతిమాలుకోవాలి, ఇంకో 16 నెలలు వాయిదా కట్టాలి. అదే చివరిదాకా ఆగితే కమిషన్ పోను దాదాపు మొత్తం మీదే. పర్సనల్ లోన్ అంటారా, 13 శాతానికి మూడేళ్లు పెట్టుకుంటే నెలకు 10,100 చొప్పున వడ్డీకే దాదాపు 64 వేలు పోతాయి, పది రోజుల సరదాకి.

అసలు సంగతేంటంటే, యూరప్‌లో తోటలకయ్యే ఖర్చు తక్కువే. డబ్బంతా తినేసేది దేశం నుంచి దేశానికి ఎగరడమే. మీ ప్యాకేజీలో నాలుగు దేశాలున్నాయి కదా, పది రోజుల్లో ఎన్ని పూటలు బస్సులో, ఎయిర్‌పోర్టులో పోతాయో ఆ కాగితం మీదే లెక్కపెట్టి చూడండి.

స్విట్జర్లాండ్ తీసేయండి. అన్నిటికంటే ఖరీదు అదే, పైగా ఏప్రిల్ చివర్లో ఎత్తైన కాలిబాటల మీద ఇంకా మంచు ఉంటుంది. క్రొయేషియాలో ప్లిట్విచే మాత్రం నిజంగా చూడాల్సిందే, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దూకే 16 సరస్సులు, టికెట్‌లోనే కొజ్యాక్ సరస్సు మీద కరెంటు పడవ కూడా ఉంటుంది. కానీ దానికోసం మళ్లీ ముగ్గురికి విమానం, జాగ్రెబ్ నుంచి రెండు గంటలకు పైగా బస్సు, రెండు రాత్రుల హోటల్. చీటీ డబ్బులు వచ్చాక ఇంకోసారి పెట్టుకోండి, జూన్ నుంచి సెప్టెంబరు మధ్య మాత్రం వద్దు, ఎంట్రీ టికెట్టే 40 యూరోల దాకా ఉంటుంది, చలికాలంలో అదే పది.

ఇక మిగిలింది నెదర్లాండ్స్, పారిస్. ఎనిమిది రాత్రులు. లిస్సె ఊళ్లోని కోకెన్‌హాఫ్ తోట ఏడాదిలో ఎనిమిది వారాలే తెరుస్తారు, మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా, టులిప్‌లు, ఇంకా రకరకాల పూల దుంపలు దాదాపు 70 లక్షలు నాటుతారు. టికెట్ 20 యూరోల చుట్టుపక్కల, టైము స్లాటుతో ఆన్‌లైన్లో తీసుకోవాలి. అది చూశాక సైకిళ్లు అద్దెకు తీసుకుని చుట్టూ ఉన్న రైతుల పూల చేల వెంట తిరగండి, నాకైతే తోట కన్నా ఆ చేలే నచ్చుతాయి, పైసా టికెట్ లేదు (చేలోకి దిగి ఫొటోలు మాత్రం వద్దు, అది వాళ్ల పంట). ఒక్క హెచ్చరిక: ఏప్రిల్ 27 అక్కడ కింగ్స్ డే. ఆ నాలుగు రోజులు ఆమ్‌స్టర్‌డామ్ హోటళ్లు మామూలు రేట్లకు దొరకవు, హార్లెమ్‌లోనో లైడెన్‌లోనో దిగండి.

అడవి కావాలన్నారు కదా, అక్కడే డె హోగె వెల్యువె నేషనల్ పార్కు ఉంది. టికెట్ కొని లోపలికి వెళ్తే తెల్ల సైకిళ్లు పెట్టి ఉంటాయి, ఏది ఖాళీగా ఉంటే అది తీసుకోవచ్చు, అద్దె లేదు. ఇసుక దిబ్బలు, అడవి, అదృష్టముంటే దుప్పులు. పారిస్‌కు రైల్లో వెళ్లండి, టికెట్ ఎంత ముందు తీస్తే అంత చవక. అక్కడ లక్సెంబర్గ్ తోట, ట్యూలరీ రెండూ ఉచితం. వెర్సాయ్ తోటలకు ఫౌంటెన్లు ఆడించే రోజుల్లో టికెట్ ఉంటుంది, అది చూసుకుని వెళ్లండి.

నా అంచనాలో విమానం టికెట్లు రెండు లక్షలు, హోటళ్లు లక్ష చిల్లర, వీసా, ఇన్సూరెన్స్ కలిపి 45 వేల లోపు, తిండికి, రైళ్లకు, టికెట్లకు లక్ష. మొత్తం నాలుగున్నర లోపే, మీ ఆర్‌డీతో సరిపోతుంది. మరీ బిగుతుగా ఉందనిపిస్తే ఒక రాత్రి తగ్గించండి, అంతేగానీ అప్పు వైపు చూడకండి.

వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, పాపకు 12 దాటాయి కాబట్టి తనకూ అంతే, రాకపోయినా తిరిగివ్వరు. ఎక్కువ రాత్రులు నెదర్లాండ్స్‌లో కాబట్టి అప్లికేషన్ కూడా ఆ దేశానికే. ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే స్లాట్లు దొరక్క టెన్షన్. హోటళ్లు ఉచితంగా క్యాన్సిల్ చేసుకునేవే బుక్ చేయండి. కార్డు గీకినప్పుడు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడుగుతుంది, ప్రతిసారీ యూరో నొక్కండి, రూపాయి నొక్కితే వాళ్ల రేటు పడుతుంది. మీ కార్డుకి ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో ఖర్చు పెడితే బ్యాంకు వేసే అదనపు ఛార్జీ) ఎంతో ఇప్పుడే బ్యాంకుకి ఫోన్ చేసి అడగండి, మూడున్నర శాతం అంటే ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోండి. ఇంకా ప్యాకేజీకే మనసు లాగితే వాళ్లు ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్‌ను మాత్రం ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపించుకోండి, మీవారి రిటర్నులోనా మీ రిటర్నులోనా అన్నది ఆ బిల్లు ఎవరి పాన్ మీద ఉందో దాన్నిబట్టి.