సిలువ మోయడమంటే దెబ్బలు తినడమా?

ప్రశ్న: పెళ్లయి పదకొండేళ్లు. ఇద్దరు పిల్లలు. మా ఆయన తాపీ మేస్త్రీ. రోజూ తాగుతాడు, కొడతాడు. మొన్న ఒకసారి గొంతు కూడా పట్టుకున్నాడు. పుట్టింటికి వెళ్తానంటే సంఘ పెద్దలు “ప్రభువు నీ కోసం ప్రాణమే పెట్టాడు, నువ్వు నీ సిలువ మోయలేవా? డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడుల సార్లు) క్షమించు” అంటున్నారు. ఆయన్ని మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి తాగుడు మాన్పిస్తారట. నేనేమో క్షమించలేక ఆరు నెలలుగా బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు భోజనంలో) చెయ్యి వేయడం లేదు. ఇల్లు వదిలితే దేవుని ప్రేమకు ద్రోహం చేసినట్టేనా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: కాదమ్మా. అయితే “గొంతు పట్టుకున్నాడు” అని ఒక్క ముక్కలో రాసి దాటేశారు. ముందు దాని సంగతి చూడాలి. గొంతు నొక్కితే పైకి మచ్చ లేకపోయినా లోపల రక్తనాళాలు దెబ్బతినవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగుడు పడకపోవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, వీటిలో ఏది ఉన్నా ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. “జారిపడ్డాను” అనకుండా జరిగింది చెప్పి ఎమ్మెల్సీ (పోలీసు కేసుకు పనికొచ్చే మెడికో లీగల్ రికార్డు) రాయించుకోండి. చెయ్యి ఒకసారి గొంతు దాకా వచ్చిందంటే ప్రాణాపాయం బాగా పెరిగినట్టే లెక్క. కాబట్టి “ఇంకొన్నాళ్లు చూద్దాం” అని నేను చెప్పను.

ఇక పెద్దల మాట. క్రీస్తు త్యాగంలో ఎవరి బలవంతమూ లేదు. “ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను” అని యోహాను 10:18లో ఆయన మాటే. అదీ మనుషుల్ని బతికించడానికి పెట్టాడు. మీరు తినే దెబ్బల వల్ల మీ ఆయన పాపం తగ్గుతోందా? రోజురోజుకీ పెరుగుతోంది. నజరేతులో కొండ మీది నుంచి తోసేయబోతే యేసు వాళ్ల మధ్య నుంచే తప్పించుకుని వెళ్లిపోయాడు (లూకా 4:29, 30). విచారణలో ఒక బంట్రౌతు (భటుడు) చెంప మీద కొడితే “నన్నేల కొట్టుచున్నావు” అని నిలదీశాడు. పైగా ఎఫెసీ 5:25లో, క్రీస్తు సంఘం కోసం తన్ను అప్పగించుకున్నట్టు ప్రేమించమన్నది భర్తకు. ఆ మాట పెద్దలు మీ ఆయనకు ఎన్నిసార్లు చెప్పారో అడగండి.

“డెబ్బది ఏళ్ల మారులు” మత్తయి 18:22. దానికి కాస్త పైన, 15 నుంచి 17 వచనాల్లో, తప్పు చేసినవాడిని ఒంటరిగా గద్దించు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని ఉంది. మీ విషయంలో ఒంటరిగా గద్దించే పని పెట్టుకోకండి, అది మీ ప్రాణం మీదికొస్తుంది. పెద్దలే వెళ్లాలి. క్షమించడం మీ మనసులో జరిగే పని. ఒకే కప్పు కింద మళ్లీ కాపురం చేయడం ఆయన మారాడని చాలా నెలలు కళ్లారా చూశాక తేల్చుకోవాల్సిన పని. ఈ రెండూ కలిపేయడం వల్లే చాలామంది ఆడవాళ్లు నలిగిపోతున్నారు.

వెళ్లే రోజు ముందుగా చెప్పకండి. వెళ్తానన్నప్పుడే దాడి ఎక్కువవుతుంది. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, చర్చిలో ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, వీటి జిరాక్సులు ఇప్పుడే మీ అమ్మగారింటికి చేర్చండి. ప్రమాదం ముంచుకొస్తే 112, సలహాకూ ఆశ్రయానికీ 181. 2005 గృహహింస చట్టం కింద జిల్లా రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకుంటే రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, పిల్లలకు భరణం అడగొచ్చు. దీనికి విడాకులు వేయనక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి.

ఆ మూడు రోజుల ఉపవాసం మాత్రం ఆపించండి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు వణుకు, లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలై ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. దాన్ని “దయ్యం” అనుకుని కట్టేసి ప్రార్థన చేసేవాళ్లూ ఉన్నారు! పైగా ఖాళీ కడుపు. డీఅడిక్షన్ సెంటరులో కొన్ని రోజులు మందులిచ్చి, బి1 విటమిన్ ఎక్కించి మాన్పిస్తారు. 14446కి చేస్తే దగ్గర్లో ఎక్కడుందో చెబుతారు. ప్రార్థన ఆసుపత్రిలో మంచం పక్కన చేయొచ్చు. ఎవరైనా కూరలో కలిపే మాత్రలిస్తే తీసుకోకండి. తెలియకుండా వేసిన మాత్ర మీద తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు.

బల్ల సంగతి. “అయోగ్యముగా” ఆ రొట్టె తినొద్దని పౌలు కొరింథీయులను గద్దించింది, కలిగినవాళ్లు ముందే తినేసి పేదవాళ్లను ఆకలితో కూర్చోబెట్టినందుకు (1 కొరింథీ 11). గాయపడి ఇంకా క్షమించలేకపోతున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని కాదు. మనమింకా పాపులమై ఉండగానే ఆయన చనిపోయాడంటే, మనసు కుదుటపడ్డాకే రమ్మని కాదు కదా. మీ అమ్మగారి ఊళ్లో చర్చికి వెళ్లి, అక్కడి పాస్టరమ్మతో ముందుగా రెండు మాటలు చెప్పి, ఈసారి చెయ్యి వేయండి.