యంత్రానికి బయానా ఇచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అచ్చును 150 టన్నుల బలంతో బిగించే పాత ప్లాస్టిక్ ఇంజక్షన్ మెషిన్ చౌకగా వస్తోందనీ, దాని మీద మూతలు, బకెట్లు, 20 లీటర్ల క్యాన్లు మూడూ తీస్తాననీ రాశావు. ముందు యంత్రం కొని, ఆ తరువాత దానికి తగిన వస్తువు కోసం తిరిగినవాళ్లు ఎంత నష్టపోయారో నేను దగ్గరుండి చూశాను కనుక, బయానా ఇచ్చేలోపే ఇది రాస్తున్నాను.

క్యాన్ ఆలోచన మానుకో. ఇంజక్షన్‌లో కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తిడితో నింపుతాం. వస్తువు చల్లారాక, దాని లోపలి ఆకారాన్నిచ్చే అచ్చు భాగం, అంటే కోర్, వెనక్కి రావాలి. కడుపు పెద్దదై మెడ సన్నగా ఉన్న క్యాన్‌లోంచి కోర్ ఎలా వస్తుంది? అందుకే దానిని బ్లో మౌల్డింగ్‌లో చేస్తారు: హెచ్‌డీపీఈ అనే గట్టి రకం పాలిథిన్ వేడి గొట్టాన్ని అచ్చు మధ్య బిగించి గాలి ఊదితే, అది గోడలకు అంటుకొని ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. మిద్దెల మీది నీళ్ల ట్యాంకులది మరో పద్ధతి. పాలిథిన్ పొడిని అచ్చులో పోసి ఓవెన్‌లో తిప్పుతూ కరిగిస్తారు, ఒత్తిడి లేదు కాబట్టి అచ్చు చవకే గాని ఒక్కో ట్యాంకుకు చాలాసేపు పడుతుంది. పైపులకు కరిగిన ప్లాస్టిక్‌ను రంధ్రం గుండా నెట్టే ఎక్స్‌ట్రూషన్, పల్చని కప్పులకు షీటును వేడిచేసి లాగే థర్మోఫార్మింగ్ ఉన్నాయి; వాటితో నీకిప్పుడు పని లేదు.

బకెట్ ఇంజక్షన్‌లోనే వస్తుంది, కానీ లెక్క వేసి చూడు. అచ్చు తెరుచుకోకుండా పట్టి ఉంచడానికి, ఎదురుగా కనిపించే వైశాల్యంలో చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 నుంచి 0.5 టన్ను బిగింపు కావాలని మా మోటు లెక్క. 30 సెంటీమీటర్ల మూతి ఉన్న బకెట్ వైశాల్యం దాదాపు 707 చదరపు సెంటీమీటర్లు, అంటే కనీసం 210 టన్నులు. నీ యంత్రం మీద పోస్తే అచ్చు సందులోంచి ప్లాస్టిక్ పొంగి అంచు చుట్టూ ఫ్లాష్ వస్తుంది. 10 సెంటీమీటర్ల మూతకు మాత్రం 40 టన్నులు చాలు. ఒకే అచ్చులో రెండు మూతలు నిశ్చింతగా తీయవచ్చు. మూతలతోనే మొదలుపెట్టు.

డబ్బు మిగిలితే యంత్రం మీద కాదు, అచ్చు మీద పెట్టు. గోడ మందం అంతటా ఒకేలా ఉండాలి, లేకపోతే మందమైన చోట గుంటపడుతుంది. వస్తువు సులువుగా ఊడి రావడానికి గోడకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఉండాలి. నీళ్ల దారులు సరిగా వేయించు, ఎందుకంటే ఒక్కో వస్తువు తీసే సైకిల్‌లో ఎక్కువ సమయం చల్లార్చడానికే పోతుంది. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వారికి డ్రాయింగ్ చూపించు, చర్లపల్లిలోని ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్‌లో కొన్నాళ్లు శిక్షణ తీసుకో.

పాలీప్రొపిలిన్ ప్లాస్టిక్ దాణా (గుళికలు) తేమను పీల్చదు, నీ మూతలకు అదే మేలు. ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ అలా కాదు. ఒక వానాకాలం తొందరలో దానిని 80 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టకుండానే యంత్రం మీది హాపర్‌లో, అంటే దాణా పోసే గరాటులో, పోయించాను. సరుకంతా వెండి చారలతో వచ్చి, మొత్తం వెనక్కి తిరిగివచ్చింది.

మెషిన్ చూడటానికి వెళ్లినప్పుడు ముందు తలుపు తెరిచి, అచ్చు కదలిక ఆగుతోందో లేదో స్వయంగా పరీక్షించు. ఆ సేఫ్టీ స్విచ్‌ను తీగతో కట్టేసి వాడుతుంటే, పనివాళ్ల చేతులు పోయే యంత్రం అది. ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

ఇట్లు
మీ మామయ్య