ఐవరీ కోస్ట్‌లో సొంతంగా కారు నడిపితే టోల్ ఎలా కట్టాలి? మన ఫాస్టాగ్ లాంటిది ఉంటుందా?

అబిద్జాన్‌లో ఉద్యోగం వచ్చిందనీ, కంపెనీ కారు ఇస్తోందనీ, ఫ్రెంచ్ రాదు కాబట్టి టోల్ గేట్ల దగ్గర ఏం జరుగుతుందోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు. నేను జీడిపిక్కల కొనుగోలు పని మీద ఇక్కడే ఉంటున్నాను. సీజన్‌లో అబిద్జాన్ నుంచి యమూసుక్రో, బువాకే మీదుగా కొరోగో వైపు ఈ రోడ్ల మీదే తిరుగుతుంటాను, చాలావరకు నేనే నడుపుతాను. కాబట్టి చూసిందే చెబుతున్నాను.

టోల్ కట్టడం కష్టమేమీ కాదు. దేశమంతటికీ ఒకే ఫాస్టాగ్ ఉంటుందని మాత్రం అనుకోకండి. డబ్బు చేతికిచ్చి రసీదు తీసుకోవడమే మామూలు పద్ధతి. రోడ్డు మీద పెద్ద అక్షరాలతో ‘పెయాజ్’ అని బోర్డు కనిపిస్తే ముందు టోల్ గేటు ఉందని అర్థం.

మీకు మొదట తగిలేది బహుశా ఊళ్లోనే, ఆన్రీ కోనాన్ బెదియే బ్రిడ్జి దగ్గర. అందరూ దాన్ని మూడో బ్రిడ్జి అంటారు. కొకోడీ పేటలోని రివియెరా నుంచి సరస్సు దాటి అవతలి మార్కోరీ పేటలో దిగుతుంది. బెదియే ప్రెసిడెంటుగా ఉన్నప్పుడే అనుకున్న బ్రిడ్జి ఇది. 1999 డిసెంబరులో సైన్యం ఆయన్ని దించేయడంతో పని ఆగిపోయి, చివరికి 2014 డిసెంబరులో తెరిచారు. ప్రైవేటు కంపెనీ డబ్బు పెట్టి కట్టింది కాబట్టి టోల్ ఉంది. కారుకు 500 సీఫా ఫ్రాంకులు, సీఫా అంటే ఇక్కడి డబ్బు. సీఫా ధర యూరోకు కట్టేసి ఉంటుంది, ఒక యూరోకు 655.957. ఆ లెక్కన 500 అంటే మన డబ్బులో 70 రూపాయల పైనే. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కట్టాలి. అది వద్దనుకుంటే ఊరి నడిబొడ్డున ఆఫీసులుండే ప్లాటో మీదుగా తిరిగి 1957 నాటి ఊఫువే-బ్వాన్యీ బ్రిడ్జి గానీ, 1967 నాటి డీగాల్ బ్రిడ్జి గానీ ఎక్కొచ్చు, రెండూ ఫ్రీ. కానీ సాయంత్రం పూట ప్లాటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ 500 మిగిల్చిన సంతోషం ఏమీ ఉండదు. ఎయిర్‌పోర్టుకు వెళ్లే రోజున అయితే నేను రెండో ఆలోచన లేకుండా మూడో బ్రిడ్జే ఎక్కుతాను.

ఇక అసలు విషయం చిల్లర. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. ఏటీఎంలో డబ్బు తీస్తే ఎక్కువగా 10,000 నోట్లే వస్తాయి. 500 టోల్‌కు 10,000 నోటు చాపితే లోపలున్న మనిషి మొహం మీదే ‘మొనే లేదు’ అంటారు, అంటే చిల్లర లేదని. వెనక కార్లు హారన్ మొదలెడతాయి. టోల్ దగ్గరే కాదు, టాక్సీలో, కూరగాయల దగ్గర, ఈ దేశంలో ఎక్కడైనా ఇదే గోల. అందుకే పెద్ద నోట్లను పెట్రోల్ బంకులోనో, సూపర్ మార్కెట్లోనో, పొద్దున్నే బ్రెడ్ కొనే బేకరీలోనో మార్చుకోవడం అలవాటు చేసుకోండి. 500 ఇక్కడ నాణెం రూపంలోనూ ఉంది, నోటు రూపంలోనూ ఉంది. నేను నాణేలు ఒక చిన్న డబ్బాలో వేసి గేర్ పక్కన పెట్టుకుంటాను, వెయ్యి నోట్లు నాలుగైదు సన్‌షేడ్ వెనక ఉంచుతాను. టోల్ డబ్బు తీయడానికి పర్సు బయటికి లాగే అవసరం ఉండకూడదు, అది భద్రత కోసం కూడా. ఇంకొకటి, చిరిగిన, బాగా నలిగిన నోట్లు చాలామంది తీసుకోరు. ఎవరైనా మీకు అలాంటిది ఇస్తే అప్పుడే వెనక్కిచ్చి వేరేది అడగండి, తప్పుగా అనుకోరు.

గేటు దగ్గర మర్యాద కూడా ఉంది. ఇక్కడ బండి రోడ్డుకు కుడివైపు నడుస్తుంది, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. టోల్ కిటికీ మీ ఎడమ భుజం పక్కకు వస్తుంది కాబట్టి చెయ్యి దానంతట అదే ఎడమది లేస్తుంది. మన ఇళ్లలో ఎడమ చేత్తో డబ్బు ఇస్తే పెద్దవాళ్లు ఎలా చూస్తారో ఇక్కడా అంతే. నేను ఒళ్లు కాస్త తిప్పి కుడి చేత్తోనే అందిస్తాను. దానికన్నా ముందు ‘బోంజూర్’ అనాలి. పలకరింపు లేకుండా డబ్బు చాపడం ఇక్కడ మొరటుతనం. ఒకసారి వర్షంలో తొందరగా అద్దం దించి, బోంజూర్ మదామ్ అని కుడి చేత్తో వెయ్యి నోటు ఇచ్చాను. ఆవిడ నవ్వి, 500 తిరిగిచ్చి, రసీదు తడవకుండా మడిచి మరీ చేతిలో పెట్టింది. సాయంత్రమైతే ‘బోన్‌స్వార్’, అయిపోయాక ‘మెర్సి’, అంటే థాంక్స్. రసీదు ఇవ్వకపోతే ‘రెసూ, సిల్ వూ ప్లే’ అనండి, రసీదు ఇవ్వండి అని. ఈ నాలుగు ముక్కలతో గేటు దాటిపోవచ్చు.

ఊరు దాటి ఉత్తరానికి వెళ్తే అబిద్జాన్–యమూసుక్రో హైవే, దాదాపు 230 కిలోమీటర్లు. సింగ్రోబో దాకా ఉన్నది పాతది, అక్కడి నుంచి యమూసుక్రో దాకా 2013 డిసెంబరులో పూర్తయింది. దీని మీద అటింగియే దగ్గర ఒక టోల్, సింగ్రోబో దగ్గర ఇంకొకటి. వాహనం క్లాసును బట్టి రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, కారు అంటే మొదటి క్లాసు. గేటుకు ముందు బండి నెమ్మదించగానే నీళ్ల ప్యాకెట్లు, అరటికాయ చిప్స్, వేరుశెనగలు పట్టుకుని అమ్మేవాళ్లు వస్తారు. కొనడం మంచిదే, కానీ టోల్ కోసం తీసిన చిల్లర అక్కడే ఖర్చు పెట్టేయకండి. జీడి సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, ఉత్తరం నుంచి పిక్కల లారీలు వరసగా దిగుతాయి. ప్రపంచంలో పచ్చి జీడిపిక్కలు అందరికన్నా ఎక్కువ పండేది ఈ దేశంలోనే. మన పలాస ఫ్యాక్టరీలకు చేరే ఆఫ్రికా పిక్కల్లో ఇక్కడివీ ఉంటాయి. లారీ వెనక లైన్లో నిలబడితే ఆలస్యమవుతుంది, కార్లున్న లైన్ చూసుకుని ముందే మారండి. చీకటి పడ్డాక ఈ హైవే మీద నడపొద్దు. లైట్లు లేకుండా ఆగిపోయిన లారీలు ఉంటాయి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

టోల్‌నూ చెక్‌పోస్టునూ కలిపేసుకోవద్దు. టోల్‌కు కట్టిన గేటు ఉంటుంది, రేటు బోర్డు ఉంటుంది, అచ్చు రసీదు వస్తుంది. ఈ మూడూ లేని చోట రోడ్డు మీద మీరు కట్టాల్సిన టోల్ ఏదీ లేదు. చెక్‌పోస్టులో అడిగేది కాగితాలు. కార్ట్ గ్రీజ్ అంటే మన ఆర్‌సీ, విజిట్ టెక్నిక్ అంటే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, లైసెన్స్. మీ ఇండియా లైసెన్స్‌తో పాటు అక్కడి ఆర్‌టీఓలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రండి, అది ఏడాది పనిచేస్తుంది. ఆ లోపు ఇక్కడి లైసెన్స్ సంగతి కంపెనీతో మాట్లాడి తేల్చుకోండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ట్రయాంగిల్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ కారులో ఉన్నాయో లేదో తాళాలు తీసుకునే రోజే చూసుకోండి.

ఒక చెక్‌పోస్టులో నా కాగితాలన్నీ తిప్పి చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుని కూడా, కాఫీకి ఏమైనా ఇవ్వమన్నారు. ఆఫీసులో లెక్క చూపించాలి, రసీదు ఇస్తారా అని మర్యాదగా అడిగాను. ఎండలో కాసేపు నిలబెట్టి పంపించేశారు. గొంతు పెంచలేదు, ఫోన్ తీసి వీడియో కూడా తీయలేదు. మీరూ అంతే చేయండి, అద్దం దించి, పలకరించి, ఓపికగా ఉండండి. మనలాంటి కారువాళ్లకు ఇది అప్పుడప్పుడూ వచ్చే చికాకు. లారీ డ్రైవర్లకు మాత్రం రోజూ ఉండే బాధ. అలా దారిలో పోయే డబ్బంతా చివరికి రైతుకిచ్చే ధరలోంచే తగ్గుతుంది. అందుకే రసీదు లేని డబ్బు ఇవ్వకూడదని నేను పట్టుదలగా ఉంటాను.

అబిద్జాన్‌లో 2021 నుంచి కెమెరాలతో కూడా జరిమానాలు వేస్తున్నారు. స్పీడు, రెడ్ లైట్ రెండూ చూస్తారు. జరిమానా బండి నంబరు మీద పడుతుంది కాబట్టి కారు మీ చేతికి రాకముందు పాత బాకీ ఏమైనా ఉందేమో కంపెనీని అడగండి.

రోజూ మూడో బ్రిడ్జి దాటే ఉద్యోగమైతే బ్యాడ్జి తీసుకోండి. అద్దానికి పెట్టుకుంటే దాని లైన్లో ఆగి డబ్బు ఇచ్చే పని ఉండదు. ఇది కాస్త ఫాస్టాగ్ లాంటిదే. మూడో బ్రిడ్జి బ్యాడ్జి ఇంకెక్కడైనా పనిచేస్తుందని నమ్మి హైవే ఎక్కకండి, చేతిలో చిల్లర ఉండాల్సిందే.

సెలవుల్లో నోయే సరిహద్దు దాటి ఘనా వెళ్లాలనుకుంటే అక్కడి సంగతి వేరు. ఘనాలో కారుకు 50 పెసెవాలు, అంటే అర సెడీ ఉండే టోల్‌ను 2021 నవంబరు 18 నుంచి ఎత్తేశారు. మళ్లీ పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు, ఈసారి మనుషులు కాకుండా మెషీన్లతో వసూలు చేస్తారట. బయలుదేరే ముందు కనుక్కోండి. సీఫా అక్కడ చెల్లదు, అక్కడి డబ్బు సెడీలు కావాలి. కారు ఇన్సూరెన్స్‌కు బ్రౌన్ కార్డు అడిగి తీసుకోండి, పశ్చిమ ఆఫ్రికా దేశాల మధ్య పనిచేసే ఇన్సూరెన్స్ అదే. కంపెనీ కారు దేశం దాటించడానికి కంపెనీ రాసిచ్చిన అనుమతి పత్రం కూడా చేతిలో పెట్టుకోండి. టోల్ రసీదులు మాత్రం ఏ రోజువి ఆ రోజు ఫొటో తీసి దాచండి. ఆ సన్న కాగితం మీద అక్షరాలు ఎండకు త్వరగా చెరిగిపోతాయి, నెలాఖరుకు అకౌంట్స్ వాళ్లకు చూపించాలంటే ఏమీ కనపడదు.